ఇంటిపేరు దగ్గర ఖాళీ

స్వాన్సీలో వాన పక్కకి కురుస్తుంది.
రేవు వైపు రెండో అంతస్తు, రాత్రి ఎనిమిదిన్నర.
హీటర్ ఆగిపోయాక మిగిలింది నేనూ,
విండోస్ మీద తెరిచిన ఒక నల్ల కిటికీ.
అందులో యూనిక్స్ మాట్లాడాలి.

వెళ్తూ వెళ్తూ ఐర్‌లిస్ చెప్పింది,
"రహస్య తాళం ఒక్కసారే కనబడుతుంది, సునేత్రా.
పేజీ మూశావా, దేవుడొచ్చి అడిగినా చూపించదు."
చూశాను. నలభై అక్షరాలు.
ఏ నోటా పలకని మాట.
ఊపిరి బిగబట్టి కాపీ చేశాను,
ఒత్తు జారితే అర్థం మారిపోయే భాషదాన్ని కదా.

దాచాను. అల గుర్తు కింద, చుక్కతో మొదలయ్యే అరలో.
ఈ షెల్లుకి అల గుర్తంటే ఇల్లు.
పేరు ముందు చుక్కంటే, కనబడకు అని.
ఇక పరికరాన్ని పిలిచాను.
ఆధారాలు దొరకలేదంది.
మళ్ళీ పిలిచాను, ఎంటర్ మీద కాస్త గట్టిగా.
దొరకలేదంది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాను గానీ
చంక చూపిస్తుంటే చూడనని ఊరు మొండికేయడం
ఇదే మొదలు.

గంట పోయాక తెలిసింది,
ఈ యంత్రంలో నాకు రెండిళ్లు.
షెల్లు ఇంటికి గీతలు ముందుకి వాలతాయి.
పరికరం విండోస్ బిడ్డ,
దానికి ఇల్లంటే సీ డ్రైవు, వెనక్కి వాలే గీతలు.
ఒక ఇంట్లో దీపం పెట్టి
ఇంకో ఇంట్లో చీకటని ఏడుస్తున్నాను.

కింద రోడ్డు బోర్డు మీద ఊరికీ రెండు పేర్లే,
పైన అబెర్తావె, కింద స్వాన్సీ.
బస్సు మాత్రం ఒక్కసారే చేరుతుంది.

సరే, తాళం అటు మోసుకెళ్దామని కమాండ్ కొట్టాను.
"సునేత్ర అనే చోటు లేదు."
లేదా!
ఫోల్డరు పేరే నాది. వజ్రాల సునేత్ర.
పాస్‌పోర్టులో చూసి ఉన్నదున్నట్టు పెట్టారు,
మధ్యలో ఖాళీతో సహా.
నాకది ఊపిరి తీసుకునే చోటు.
షెల్లుకి మాట తెగిపోయిన చోటు.
ఇంటిపేరుని మోయాల్సిన సామాననుకుంది,
మిగిలిన నన్ను ఊరనుకుని వెతికి
లేనని వచ్చి చెప్పింది.

కొటేషన్లు పెట్టాను, అటొకటి ఇటొకటి,
దూరాన ఉన్నవాళ్లని పిలవడానికి
నోటి పక్కన చేతులు అడ్డం పెట్టుకున్నట్టు.
పోయింది. చప్పుడు లేదు.
ఈ లోకంలో పని అయిందనడానికి అదే గుర్తు.

ఇప్పుడు నేనెవరో అడగాలి.
నిజంగానే, అలాంటి కమాండ్ ఒకటుంది.
పన్నెండంకెల ఖాతా వచ్చింది,
దాని చివర నేను: కాంట్రాక్టర్-7.
ఖాళీలతో గొడవని ఐర్‌లిసే
అక్కడ అడ్డగీత పెట్టి ఉంటుంది.

కోటు వేసుకున్నాను.
ఎందుకో ఆగి పైబాణం నొక్కాను.
ఒకటి, రెండు, మూడు మెట్లు వెనక్కి,
కొటేషన్లు లేని నా పేరు
ఇంకా అక్కడే ఉంది.