మళ్లా పెట్టు

తాడిపత్రి కోర్టు మెట్లు కూడా
కుళ్లాయప్ప చేతుల్లాంటి చేతులు నున్నగా చేసినవే.
ఆ మెట్ల మీదే వాణ్ని నిలబెట్టినారు
ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య.

ముప్పయ్యేళ్లు గట్టు తగాదాలు వాదించినోణ్ని నేను.
గట్టంటే కంటికి కనబడేది.
ఎవరు జరిపినారో ఎద్దుకు కూడా తెలిసేది.
ఇప్పుడు ఛార్జిషీటు నిండా అంకెలు,
ఐపీ అడ్రసులు, టవర్ డంపులు,
అరవై ఆరు సి, అరవై ఆరు డి.
నా కూతురి వయసు జూనియర్ సుభాషిణి
పక్కన కూర్చుని ఒత్తులు దిద్దించినట్టు దిద్దిస్తుంది:
"సర్వర్ అంటే హోటల్లో పనిచేసేవాడు కాదు సార్."

కేసు ఇంతే.
కుళ్లాయప్ప పేరు మీద నాలుగు సిమ్ములు.
అందులో మూడిట్లోంచి ఎవడో పోలీసు గొంతుతో మాట్లాడినాడు.
బళ్లారిలో ఒక రిటైర్డు టీచరమ్మ
రెండు రోజులు తలుపు గడియ తీయకుండా భయపడి
మోకాళ్ల ఆపరేషన్‌కు దాచుకున్న డబ్బు,
ఏడు లక్షల చిల్లర, పంపేసింది.
ఆమె వాంగ్మూలం నేనూ చదివినా.
కన్నడంలో కూడా ఏడుపు ఏడుపే.
ఆ పేజీ దగ్గర ఒక పూట ఆగిపోయినా.
ఎవరి పక్కన నిలబడినావని
నా భార్య అడగలేదు. చారు పోసింది.

సబ్‌జైలు జాలీ అవతల నుంచి
రెండు చేతులూ చాపి చూపించినాడు కుళ్లాయప్ప.
ఇరవై రెండేళ్లు పాలిష్ మిషన్ కింద
నీళ్లూ రాతి బురదా తాగిన వేళ్లు.
గీతల్లేవు.
రేషన్ మిషన్ మూడేళ్ల నుంచి వద్దంటాంది వాణ్ని.
నిమ్మచెక్క రుద్దినాడు, కొబ్బరినూనె పూసినాడు,
తెల్లారుజామున చెమట పట్టకముందే పోయి చూసినాడు.
పడల్యా.
బియ్యం పెండ్లాం వేలికే వచ్చేవి.

నాలోని ముసలి ప్లీడరు ఎగిరి గంతేసినాడు.
రేషన్ మిషన్ ఎరగనన్న వేలు
సిమ్ము మిషన్‌కు మాత్రం ఎట్లా తెలిసెనని,
వాక్యం కూడా సిద్ధం,
నోట్లో వక్క మాదిరి నానుతా ఉంది.

వాడేమో అబద్ధం నేర్చినోడు కాదు.
"పడింది సార్," అన్నాడు.
బస్టాండు పక్క, నీలం గొడుగు కింద.
గొడుగు కింది పిల్లోడు తడిగుడ్డతో వేలు తుడిచి
బో మర్యాదగా పట్టుకున్నాడంట.
"పడల్యా అన్నా, మళ్లా పెట్టు.
ఇంగా పడల్యా. మళ్లా పెట్టు.
ఇంకొక్కసారి.
ఆ, పడింది."
ఒక సిమ్ము చేతిలో పెట్టి
నూర్రూపాయల బ్యాలెన్సు ఫ్రీ అన్నాడంట.
మూడు సిమ్ములు గొడుగు నీడలోనే ఉండిపోయినాయి.
గవర్నమెంటు దగ్గర లేని మంచి మిషను
దొంగ దగ్గర ఉండింది.

"నాలుగుసార్లు పెట్టమంటే అనుమానం రాలేదా?"
"మిషన్లు నన్ను వద్దనడం కొత్తా సార్?"

నానబెట్టిన వాక్యం ఉమ్మేసినా.
కోర్టులో వాడి మాటే చెప్పినా, వాడి మాటగానే.
కంపెనీ కాగితాల్లోంచి సుభాషిణి టైములు చదివింది:
పదకొండూ నాలుగు, పదకొండూ ఏడు,
పదకొండూ తొమ్మిది, పదకొండూ పదహైదు.
నాలుగుసార్లూ పడింది.
మూడుసార్లు పడలేదని చెప్పినోడు
ఛార్జిషీటులో ఎక్కడా లేడు.
వేలు అబద్ధం చెప్పదన్నాడు పీపీ.
నిజమే. వేలికి ఎవరేం చెప్పినారో
అది మాత్రం ఎవరూ అడగల్యా.

బెయిలు వచ్చింది.
కేసు ఇంకా ఉంది. టీచరమ్మ డబ్బు ఇంకా లేదు.

బాండు కాగితం మీద వేలిముద్ర కావాల.
క్లర్కు ఓబులేసు ఇంకు డబ్బా జరిపినాడు.
ముద్ర పడింది. గీత లేని నల్ల మచ్చ,
వర్షం పడిన బండ మాదిరి.
ఓబులేసు కళ్లద్దాలు ఎత్తి చూసి
"సరిగా పడల్యా," అన్నాడు,
"మళ్లా పెట్టు."

కుళ్లాయప్ప చెయ్యి వెనక్కి పోయింది.
పిడికిలి మూసుకుంది, ఇంకుతోనే.

కాగితం తీసుకున్నా నేను.
మొదటి అక్షరం నుంచి చదివి వినిపించినా,
స్టాంపు ఖరీదుతో సహా, తేదీతో సహా.
ఓబులేసు గోడ గడియారం చూసినాడు.
భోజనాల వేళ దాటిపోతా ఉంది.
"ఇంగొకసారి చదువు సార్," అన్నాడు కుళ్లాయప్ప.
మళ్లా మొదలుపెట్టినా.