ఏం కూర?

సాయంత్రం ఏడు కాకముందే
బోర్డు తడిగుడ్డతో తుడిచి సుద్దముక్క పట్టుకుంటాను.
దొండకాయ వేపుడు. పప్పుచారు. మజ్జిగ.
ఇరవై రెండేళ్లుగా ఇదే నా రాత.
"వలీ అన్నా, నీ వంకాయ
గిన్నెలో కంటే బోర్డు మీదే నిగనిగలాడుద్ది"
అంటారు పీజీ పిల్లలు.

అటు గుంటూరు, ఇటు బెజవాడ,
మధ్యలో హైవే పక్కన మా హాస్టల్.
కాజ టోల్‌గేటు దాటిన లారీల హోరులో
కంచాల చప్పుడే సరిగా వినపడదు,
ఇక కడుపుల చప్పుడు ఎవరికి వినపడుద్ది?

బోర్డు పక్కనే ఇంకో కాగితం ఉంటది.
బకాయిదారుల జాబితా. ఎర్రసిరా.
స్కాలర్‌షిప్ పడనివాళ్లు,
పడ్డా ఇంటి అప్పుకు పంపేసినవాళ్లు.
ఆ పేర్లూ నేనే రాస్తాను.
అదే దస్తూరీ.

నవంబర్లో అనుకుంటా, మొదట గమనించింది.
యోబు. బాటనీ రెండో ఏడు. నకరికల్లు అవతల ఏదో ఊరు.
రాత్రి తొమ్మిదింటికి, లోపల గిన్నెలు తోముతుంటే
బోర్డు ముందు నిలబడి ఫోన్లో
"తిన్నానమ్మా."
అవతల్నించి ఏదో అడిగింది.
వాడు తలెత్తి, చదువు రానివాడిలా కూడబలుక్కుంటూ
"దొండకాయ వేపుడు... పప్పుచారు...
ఆఁ, మజ్జిగ కూడా."

మర్నాడు బీరకాయ. ఆ మర్నాడు గుడ్డు.
గుడ్డు దగ్గర గొంతు కొంచెం లేచింది.
"రెండు పెట్టారా?" అని అడిగినట్టుంది తల్లి.
ఎన్నో నేను రాయలేదు.
వాడు బోర్డంతా వెతికి
"ఒకటేలే" అన్నాడు.
అబద్ధంలో కూడా ఆశపడలేదు.

కాకరకాయ రాసిన రోజు
ఆమె గొంతు నాకే వినపడింది.
మిరపచేలో ఈ సాలు నుంచి ఆ సాలుకి
కేకేసి కేకేసి అలవాటైన గొంతు.
"కాకరకాయ ముట్టవు గదరా నువ్వు?"
"ఇప్పుడు తింటన్నానమ్మా. అలవాటైంది."
నా చేతిలో గుడ్డ నీళ్లు కారుతూ అట్టాగే ఉండిపోయింది.

వార్డెన్ సారుకి చెప్పాను.
"జాలిపడితే మెస్ నడవదు వలీ, రూల్ ఉందిగా."
చెడ్డవాడు కాదు. ఆయన నెత్తిన ఇంకో రూలు.
సైదమ్మకి చెప్పాను. ఏమీ అనలేదు.
ఎసట్లో సోలెడు బియ్యం ఎక్కువ పోసింది.

"తిన్నానన్నా" అన్నాడు యోబు, పిలిస్తే.
"తిన్నావులే. సైదమ్మకి జలుబు, నాలిక్కి రుచి తెలీట్లేదంట,
ఉప్పు చూసి పోరా."
ఉప్పు చూడ్డానికి కూర్చున్నవాడు
మూడుసార్లు చూశాడు.
అప్పుడు తలెత్తి, మూతికి ఎర్రగా గోంగూర,
"ఇది మందారకి చుట్టం, తెలుసా అన్నా?" అన్నాడు.

రిజిస్టర్లో అతిథి అని ఓ గడి ఉంటది.
ఏడాదికి రెండుసార్లు కూడా నిండదు.
ఆ రాత్రి నుంచి నింపాను:
వై. బాబు. బంధువు. భోజనం ఒకటి.

మార్చిలో ఆడిట్.
కళ్లజోడాయన గడి మీద పెన్ను ఆనించి
"నలభై ఒక్క రోజులా? ఎవరయ్యా ఈ బంధువు?
తల్లి వైపా, తండ్రి వైపా?"
నవ్వుతూనే అడిగాడు.
"తల్లి వైపు సార్" అన్నాను.
జీతంలో కోశారు. కోసుకోనీ.

ఇందులో నా గొప్పేం లేదు.
ఎర్రసిరాలో ఇంకా పదహారు పేర్లున్నాయి,
అతిథి గడి వేలెడు వెడల్పు.

ఆదివారం రాత్రి మెస్ ఉండదు.
బోర్డు తుడిచి వదిలేస్తాను.
మొన్న తాళం వేస్తూ చూశాను,
ఆ నల్లటి ఖాళీ ముందు మొదటేడు కుర్రాడొకడు,
పేరు కూడా తెలీదు,
ఫోను చెవికి ఆనించుకుని
"తిన్నానమ్మా. ఆఁ... కూరా...
కూరేంటంటే..."

సుద్దముక్క జేబులోనే ఉంది.
ఏం రాయాలో తోచలేదు.