సూతు లెక్క

సల్మాబాద్ క్యాంపుల ఆరో నంబర్ గది.
జుమ్మా నమాజు విడిచినంక
ఉతికిన బట్టలు ఇంకా తీగ మీద నీళ్లు కారుతుండగానే
లింబాద్రి సిమెంటు సంచి కాయితం పరిచేటోడు.

"ఇంచుకు ఎనిమిది సూతులు.
ఒక్క సూతు తప్పితే పైపు అతకది.
అతకకుంటే ఫోర్మన్ మలయాళంల తిడతడు,
అది మాత్రం నేను నేర్పను."

నవ్వినం.
నేనప్పుడు హెల్పర్ని, తొంభై దినార్లు.
మెట్‌పల్లిల అప్పుకు నూటికి మూడు రూపాయల మిత్తి.
టేపు పట్టుమంటే పట్టుడు, ఇడువుమంటే ఇడుసుడు.
దాని మీది గీతలు
నాకు చీమల బారు.

ఆయన గీత వంగితే ఎల్బో,
చీలితే టీ,
చుక్కలు చుక్కలుగ పోతే గోడెనుక పోయే పైపు.
"కనబడనిదాన్నే చుక్కలల్ల గీస్తరు, రాజలింగూ.
అది చూసినోడే ఫిట్టరు."

ఎనిమిది నెలలకు ట్రేడ్ టెస్టు.
నూటయాభై.
ఆ మీది అరవై ఎటెటు పోయినయో
డ్యూటీ బస్సుల కూసోని శానాసార్లు లెక్కేసిన.
మిత్తి తెగింది.
పొలం కాయితాలు షావుకారు పెట్టెలకెళ్లి బయటికొచ్చినయ్,
మళ్ల అటు పోలే.
చెల్లె జమున నర్సింగు రెండో ఏడు ఫీజు, మూడో ఏడుది గూడ.
బాల్కొండ సాయన్న వాపసు పోయి
మోటార్ల దుకాణం పెట్టిండు;
దాంట్ల పని నేర్చిన ఇద్దరు పిలగాండ్లు
ఇప్పటిదాంక పాస్‌పోర్టే తీయలే.

కింది మంచం నడిపి గంగారాం
తాగుడు మానలేదు గని
గురువారం ముట్టకపోయేది,
తెల్లారి గీత వణుకుతదని.
దీన్ని ఏ ఖాతాల రాయాలె?

కంపెనీకి గూడ లాభమే,
కోసి మళ్ల అతికే పైపులు సగమైనయ్.
లింబాద్రికి ఒక గోడ గడియారమన్న ఇయ్యలే.

ఆయన ఇంటికి పోయినంక ఏడాదికి
టైంకీపర్ రొడెల్ చెప్పిండు:
గురువారం రాత్రి పన్నెండు దాటేదాంక
తన పక్కన కూసోని
రేపటి పాఠం నేర్చుకునేటోడట.
మాకంటే ఆయన
ఒక్క రాత్రే ముందు.

ఇప్పుడు సిత్రా సైటుకు నేను ఫోర్మన్ని.
తిట్టుడు తెలుగుల నడుస్తది.
ఒడిశా పిలగాడు సుబల్
టేపు తిరగేసి పట్టుకోని నవ్వుతుండు.
కొత్త డ్రాయింగుల వాల్వు గుర్తులు
నాకు సగమే తెలుసు.

ఇయ్యాల బుధవారం.
రేపొక రాత్రి ఉంది.