ఏకని దూది

కర్నూల్లో, బురుజు వెనక సందులో ఎలీషా మామ అంగడి.
గోడ నిండా గిటార్లు, మెడలు పట్టి వేలాడదీసినవి.
"చూసి కొనే వస్తువు కాదు పాపా, కండ్లు మూసుకో" అన్నాడు.
మూసుకున్నా.
ఒకటి చెవిలో గాజుపెంకు మాదిరి మెరిసింది.
ఒకటి బావిలోంచి పలికింది.
మూడోది పలకలేదు,
గొంతు మాత్రం సవరించుకుంది.
అదే నాది అన్నా.

"దీని పైపలక పల్చన. మన ఎండకు నెర్రెలిస్తుంది" అని
సబ్బుపెట్టెకు సూదితో బొక్కలు పొడిచి
తడి స్పాంజి పెట్టిచ్చాడు.
మార్చి నుంచి జూన్ దాకా
నేను తాగక ముందు దానికి నీళ్ళు.

తీగలది వేరే తగువు.
పదకొండు సైజువి వేళ్ళకు దయగలవి, సభకు పిసినారివి.
పదమూడువి మెడనే వంచుతాయి.
పన్నెండు దగ్గర ఆగినా.
ఇత్తడివి మూడు రోజులు గిన్నెల దుకాణం,
నా చెమట తగిలితే పదో రోజుకు నలుపు.
కంచువి నిదానం. మొదటి వారం ముభావంగా ఉండి
రెండో వారం మాట కలుపుతాయి.

జేజినాయన హుసేనప్ప బొటనవేలితో మీటి చూశాడు.
"ఇనుమా లోపల? మాది నరం."
అటక మీద ఆయన విల్లు ఇంకా ఉంది, నారి తెగి.
ఆదోని వీధుల్లో ఆ నారి మోతే ఆయన కేక.
టుంయ్, టుంయ్ మంటే చాలు
పాత పరుపులు వాకిట్లోకి వచ్చి పడేవి.
"మూడు వీధులు వినపడేది, కరెంటు లేకుండా.
నీకెందుకే ఈ వైర్లు?"

ఎందుకో చెప్పబోయి చెప్పలేకపోయినా.
తీగల అడుగున దూర్చే పట్టీ చౌక,
గట్టిగా మీటితే బాతు అరుస్తుంది.
బొక్కకు అడ్డం బిగించే అయస్కాంతం
తీగను వింటుంది, కొయ్యను వినదు.
లోపల అంటించే బిళ్ళ అన్నీ వింటుంది:
గోరు, గుండీ, ఊపిరి.
స్పీకరు చెప్పింది కూడా విని
దానికే మళ్ళీ చెబుతుంది, అది మళ్ళీ దీనికి,
కొళాయి కాడ పుకారు మాదిరి.
"స్టేజికి వద్దు" అన్నాడు మామ.
రెండువేల ఎనిమిదొందలు పెట్టి అదే కొన్నా.

జిన్నింగు మిల్లు పాతికేళ్ళ పండగ.
రేకుల షెడ్డు ముందర, లారీ తొట్టె మీద స్టేజీ.
నాలుగింటికి కింది తీగ ముట్టుకున్నానో లేదో
ఊఁ అని మొదలై
ఎద్దు రంకెయి
రేకులన్నీ అందుకున్నాయి.
సౌండు మస్తాన్‌వలి చెవులు మూసుకుని
"బొక్కకు రబ్బరు మూత లేదా అక్కా?"
లేదు.
కర్నూల్లో ఉంది, నూట ఎనభైకి. బేరం కుదరక వదిలేసినా.

చుట్టూ చూశా.
మిద్దె ఎత్తు పత్తి కుప్పలు.
ఒక దోసిలి. ఇంకొకటి. తీగల సందున వేలితో నెట్టుకుంటా
దిండులో కూరినట్టు కూరినా.
మస్తాన్‌వలి మీట మెల్లగా పైకి జరిపాడు.
రంకె లేదు.
ఒక స్వరం,
దాని వెనక కొయ్య.

మూడో పాటలో కరెంటు పోయింది.
జనరేటరు దగ్గుతున్నంత సేపూ
వేళ్ళు ఆపలేదు నేను.
కడుపునిండా దూది, మోత ముందువరస దాకా పోతే గొప్ప.
అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ఆయన ఒక్కడే
చెవి ముందుకు పెట్టి, చెయ్యి గాల్లో
లేని గూటం పట్టి
నా తాళానికి కాదు, తన తాళానికి కొడుతున్నాడు.
నేనే కాస్త నిదానించినా.

దిగంగానే అడిగా, ఎట్లుంది?
"ఏకని దూది కూరినావు" అన్నాడు.
"గింజలుండాయి."

మరుసటి రోజు చిమ్టాతో లాగితే అంతా వచ్చింది,
ఒక్క గింజ తప్ప.
ఊపితే ఏ మూలనో దొర్లుతుంది.
బిళ్ళ దాన్ని కూడా వింటుంది.