ఏసీ నీళ్ళ గోంగూర

సొహార్‌లో మా మేడ మీద ఎనిమిది థర్మాకోల్ పెట్టెలు.
ఒకప్పుడు వంజరం చేపలు పడుకున్న పెట్టెలు.
ఎన్నిసార్లు కడిగినా
ఎండ ముదిరితే చాలు
గోంగూర మొదట్లోంచి నీచువాసన.

వాటికి నీళ్ళు ఏసీవే.
పైపు చివర బకెట్టు పెడతాను.
ఆగస్టులో పూటకో బకెట్టు,
జనవరిలో చెంబుడు.
ఇక్కడి లెక్కే తిరగబడిన లెక్క,
ఎండ ఎంత మండితే అన్ని నీళ్ళు.

పిట్టగోడ మీంచి వంగితే తురయ్యా పెరడు.
పెరడంతా పచ్చిక.
దాని దాహానికి వారానికి రెండు ట్యాంకర్లు.
దాని మీద ఎవరూ నడవగా చూడలేదు నేను.
సాయంత్రం ఆవిడ మెట్టు మీద కూర్చుని దాన్ని చూసేది,
పైనుంచి నేనూ చూసేదాన్ని,
ఒకే టీవీ ముందు ఇద్దరం కూర్చున్నట్టు.

అక్టోబరులో ఓ పొద్దున
మొఖ్లెస్ పార పట్టుకొచ్చాడు.
పచ్చికని చాపలా చుట్టి, చుట్టలు చుట్టలుగా
గేటు బయట పడేశాడు.
నాకు కడుపులో తిప్పినట్టయింది.
రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయనతో
"ఆవిడకి మతి పోయింది" అన్నాను.
"వాళ్ళ నేల, వాళ్ళిష్టం"
అన్నాడాయన బూట్లు విప్పుకుంటూ.
అద్దెకున్నవాళ్ళం,
నేల గురించి అంతకంటే ఏం మాట్లాడతాం.

తర్వాత లారీడు గులకరాళ్ళు.
ఆ మర్నాడు ఏవో బూడిదరంగు మొక్కలు,
జానెడు కూడా లేవు,
మాటల్లేని తోడికోడళ్ళలా
ఎడంగా, ఎడంగా నాటించింది.
లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.
ఎన్ని చస్తాయోనని రోజూ లెక్కపెట్టాను.
దాచడం దేనికి,
చావాలనే అనుకున్నాను.

రెండు చచ్చాయి.
మిగిలినవి మే చూశాయి, జూన్ చూశాయి.
నా గోంగూర తలలు వేలాడేసిన మధ్యాహ్నం
అవి ఎండని అసలు పట్టించుకోలేదు.
ఒకటైతే పూసింది కూడా,
ముక్కుపుడకంత పసుపు.

ట్యాంకర్ రావడం మానేసిందని
నాకు తట్టేసరికే చాలా రోజులైంది.
దాని హారనుకే లేచేదాన్ని మరి.
పిల్లాడి స్కూలు బస్సు రెండుసార్లు ఎందుకు తప్పిపోయిందో
అప్పుడు తెలిసింది.

మళ్ళీ నవంబరు.
ఎర్ర గోంగూర ముదిరిపోయి
ఎర్రెర్రటి కాయలు పిట్టగోడ దాటి వేలాడుతున్నాయి.
పీకేద్దామని కూర్చున్నాను.
కింద నుంచి కేక: "కర్కదే! కర్కదే!"
తురయ్యా. నా పెట్టె వైపే వేలు.
ఆవిడ హిందీ సగం, నా అరబ్బీ పావు,
మిగతాది చేతులు.
కాయ తొక్క ఒలిచి, ఎండబెట్టి, మరిగించి, తాగాలి, అంది.
నేను ఆకు తుంచి చూపించాను,
మగ్గబెట్టి, నూరి, అన్నంలో, అన్నాను.
ఆకా! అన్నట్టు మొహం పెట్టింది.
మేకలా "మే" అంది.
నవ్వాపుకోలేక పిట్టగోడ పట్టుకున్నాను.

బుట్టకి తాడు కట్టి కాయలు దించాను.
బుట్ట పైకొచ్చేటప్పుడు ఖాళీగా రాలేదు.
తడిగుడ్డలో చుట్టిన బూడిదరంగు కొమ్మ.
పేరేదో చెప్పింది,
గొంతు లోపలి అక్షరాలతో మొదలయ్యే పేరు,
నాకు నోరు తిరగలేదు.

ఎనిమిదో పెట్టెలో నాటాను.
పొద్దున ఓ చెంబు, సాయంత్రం ఓ చెంబు,
పిల్లాడు మిగిల్చిన మంచినీళ్ళు కూడా దానికే.
తొమ్మిదో రోజు పట్టుకుంటే
మొదలు మెత్తగా వేళ్ళకంటుకుంది.

తురయ్యా తిట్టలేదు.
ఇంకో కొమ్మ పంపింది.
దాంతోపాటు
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి
ఇంతే, ఇంతే, అని కింద నుంచి హెచ్చరిక.

పద్నాలుగు రోజులైంది.
రోజూ బకెట్టు పట్టుకుని దాని దాకా వెళ్తున్నాను.
కాసేపు నిలబడి
గోంగూర వైపు తిరుగుతున్నాను.