శుక్రవారం లీకులు

మిషన్లు ఆగితేనే
గాలి ఎక్కడ పారిపోతున్నదో తెలుస్తది.
అందుకే నాకు శుక్రవారం డ్యూటీ.

సోహార్ సనాయ్యలో, పాత టైర్ల గోదాముకు ఆనుకొని
మా రాళ్ల వర్క్‌షాపు.
షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి పోయి
ముందుగాల పెద్ద కంప్రెసర్ టాంకు కింద
డ్రెయిన్ వాల్వు విప్పుత.
ఆగస్టుల బకెట్ నిండుతది.
చుక్క వాన పడని ఊరు,
గాలిని పిండితే ఇన్ని నీళ్లు!
పాల లెక్క తెల్లగ, నూనె కంపుతోని,
చేతులు కడుక్కోనీకి గూడ పనికిరావు.

బెల్టును బొటనవేలితో నొక్కి చూస్త.
నూనె అద్దంల సగం దాకనన్న ఉండాలె.
ఫిల్టరు ఇప్పి తలకిందులు దులుపుత:
చీమకుర్తి నల్లరాయి, ఇబ్రీ మీగడ రంగు రాయి,
ఈడికొచ్చినంక రెండూ ఒక్కటే బూడిద.
నోటుబుక్కుల తారీఖు, నడిచిన గంటలు, సంతకం.

ఆఖరుకు సబ్బు నీళ్లు, బ్రష్షు.
ఒక్కొక్క జాయింటుకు మెల్లగ పూస్త,
పురిటి పిల్లకు నలుగు పెట్టినట్టు.
బుడగ లేస్తే లీకు.

మొన్నటి శుక్రవారం
మూడో హోసు పక్కన చెవి పెట్టిన.
సుయ్యిమని అనలే.
రేకుల గోడ అవతల
ఆచారి దగ్గిండు.

మౌనాచారిది ఆళ్లగడ్డ.
ఆడ ఉన్నప్పుడు దేవుళ్లకు కండ్లు తెరిచిన చెయ్యి.
ఈడ తీగెలు, చుక్కలు, మసీదు గడప అంచులు.
"కన్ను లేని పని అబ్బా, చూపెవరికీ ఇయ్యబన్లే, హాయి"
అని నవ్వుతడు.

దగ్గు ఆగింది. మళ్ల మొదలైంది.
నా చేతిల బ్రష్షు అట్లనే ఉన్నది,
నురగ మోచేతి దాక కారింది.
ఏ జాయింటది?
ఎన్ని గంటలకు మార్చాలె ఆ ఫిల్టరు?
నోటుబుక్కు తిరగేసిన, ఉత్తగనే.
రెండు కంప్రెసర్లకు రెండు పేజీలు. అంతే.

మాస్కు ఇస్తే గడ్డం కిందికి గుంజుకుంటడు.
నోటితోని ఊదకుంటే గీత కనబడదంటడు.

శనివారం పొద్దున, ఎవ్వరు రాకముందే,
రెగ్యులేటర్ మర తిప్పిన,
ఆరు బార్ల నుంచి అయిదుకు.
దుమ్ము జెర తక్కువ లేస్తదేమోనని.

పావుగంట గాలే,
గాలి ఉలి చేత పట్టుకొనే వచ్చిండు.
"ఏం పోశెట్టీ, గాలికి జొరమొచ్చిందా?"
"బెల్టు వదులైంది పెద్దాయనా."
నా బొటనవేలి దిక్కు చూసిండు.
దానికి మసి లేదు.

ఏమనలే.
పోయి రాయి ముందట కూసున్నడు,
కూసున్నంక కొంచెం సేపటికి
మాస్కు ముక్కు మీదికి జరుపుకున్నడు.

పొద్దు గూకేదాక అయిదు బార్లే నడిచింది.
పనెందుకు నిదానమైందని
ఫోర్మన్ మాజిద్ బలూషీ అడిగితే
నేను నోరు తెరవకముందే
ఆచారి చెప్పిండు, వచ్చీరాని హిందీల:
బెల్టు వదులు.