ఒంటబట్టని మేత

ఉల్‌మెకెన్ తూకం పుస్తకం అట్ట మీద
గొర్రె కొవ్వు మరక.
లోపల నలభై రెండు శరత్కాలాలు.
చెవి గుర్తు, నెలలు, కిలోలు.

మేతకేం కరువు లేదు, అంటుంది.
మాచిపత్రి వాసనేసే గడ్డి మోకాళ్ళ దాకా ఉండేది.
పిల్లలు తాగి తాగి తల్లుల పొదుగులు కుమ్మేవి.
అయినా ఎదుగూ బొదుగూ లేదు.
ముప్పై ఐదు తూగాల్సిన నాలుగు నెలల పిల్ల దగ్గర
ఇరవై ఒకటిలోనే ముల్లు ఆగిపోయేది.
తక్కెడ చెడిందేమోనని
ఉప్పు బస్తా పెట్టి చూసింది.
ఉప్పు సరిగ్గానే తూగింది.

దెగెలెన్ కొండల వెనక నేల వణికే రోజుల్లో
సిపాయిలొచ్చి గుంటల్లో బోర్లా పడుకోమన్నారు.
గొర్రెలకెవరూ ఏమీ చెప్పలేదు.
అవి ఒకసారి తలెత్తి చూసి
మళ్ళీ మేశాయి.

ఎన్నో ఏళ్ళకి సెమేయ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ
బల్ల మీద ఒక దవడ ఎముక పెట్టి చెప్పింది.
ఉల్‌మెకెన్‌కి అర్థమైంది ఇదీ:
మా గుడారానికొచ్చిన అతిథిని
మూడు రోజుల దాకా పేరడగం.
ఎముకదీ మా ఆచారమే కాబోలు.
సున్నంలా కనిపించిందేదో గడపలోకొస్తే
రమ్మని పీట వేసింది.
ముప్పై ఏళ్ళకి గానీ
ఆ చుట్టం సగం కూడా లేవదట.

ఏటా చలి ముదరకముందే
బూడిదరంగు కోటువాడొకడు వచ్చి
అంకెలు ఎత్తి రాసుకునేవాడు.
మందేమైనా ఉందా బాబూ అంటే
నీ చేతిరాత బాగుంది అన్నాడు.

ఏడో ఏడాది పేజీ అడుగున
చెవి గుర్తు లేని వరుస ఒకటుంది.
నెలలు ఎనభై నాలుగు. కిలోలు పదహారుంబావు.
ఆసుపత్రి దారి మంచు మూసేసిన వారం అది.
సాపర్‌గలిని కంబళి తీసేసి
గొర్రెపిల్లల తక్కెడలోనే కూర్చోబెట్టింది.
చల్లగా ఉందమ్మా అన్నాడు,
ఇనుము గురించి.

కోటువాడు ఆ వరుస దగ్గర కాసేపు ఆగాడు.
పొరపాటనుకుని ఎనిమిది కొట్టేశాడు,
నాలుగు ఉంచాడు.
ఏ నగరంలోనో ఏ బీరువాలోనో
నా కొడుకు ఇంకా
నాలుగు నెలల గొర్రెపిల్లే, అంటుంది.
నవ్వుతుందో లేదో తెలీదు,
టీలో పాలు కలుపుతోంది.

సాపర్‌గలి ఇప్పుడు నలభై దాటినవాడు.
తల్లి భుజం దాకా వస్తాడు.
ఈ ఏడు మొదటి పిల్లని తక్కెడలో పెట్టి
ఇరవై తొమ్మిది! అని అతనే కేకేశాడు.
ఆమె పెన్సిల్ ఎత్తింది,
రాయలేదు.

ఉప్పు బస్తా పట్రా, అంది.